అక్కతో సోల్ సంగీతం వెంట: మెంఫిస్, మజిల్ షోల్స్‌లో అయిదు రోజులు

మా నాన్న తెనాలిలో నాటక సమాజాలకు హార్మోనియం వాయించేవారు. 1989లో ఓడల్లో పనిచేసే స్నేహితుడొకాయన ఆయనకి అమెరికాలో చర్చి పాటల్లోంచి పుట్టిన నల్లవాళ్ల సోల్ సంగీతం పాడే ఓటిస్ రెడింగ్ క్యాసెట్ ఒకటి తెచ్చిచ్చాడు. నాన్నకి ఆ ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా రాత్రి భోజనాలయ్యాక వరండాలో పెట్టుకుని వినేవారు. "ఈ అబ్బాయికి పద్యం తెలుసమ్మా. ఎక్కడ ఊపిరి ఆపాలో తెలుసు" అనేవారు. ఆ అబ్బాయి 26 ఏళ్లకే పోయాడని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పటికి నాన్న లేరు.

ఆ పాటలు రికార్డైన మెంఫిస్ పక్కనే, కాలియర్‌విల్‌లో మా అక్క 18 ఏళ్లుగా ఉంటోంది. బావగారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇన్నేళ్లలో తను ఒక్కసారి కూడా ఆ స్టూడియో ఉన్న మెక్‌లెమోర్ అవెన్యూకి వెళ్లలేదు. "అటు వైపు మంచిది కాదంటారే, ఎవరూ వెళ్లరు" అంది ఫోన్లో. నేను వెళ్లాలనుకున్నదే అక్కడికి. తెనాలి తిరిగొచ్చి వారమైంది. నిద్ర ఇంకా దారిలో పడలేదు కానీ, చూసినవి మరుగున పడకముందే రాసేస్తున్నాను.

అక్టోబర్ 24, శుక్రవారం: మెక్‌లెమోర్ అవెన్యూ

దక్షిణ మెంఫిస్ వీధుల్లోకి తిరగ్గానే అక్క కారు తలుపులు లాక్ చేసింది. పెద్ద పెద్ద చెట్లు, చిన్న చిన్న చెక్క ఇళ్లు, కొన్నిటికి కిటికీల మీద పలకలు కొట్టేశారు. వరండాలో కూర్చున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. తర్వాతి ఇంట్లో మొక్కలకు నీళ్లు పెడుతున్న ఆవిడా అంతే. నాలుగో మనిషికి అక్క కూడా చెయ్యి ఊపింది. ఇక్కడ ఎదురుపడిన మనిషిని పలకరించకుండా పోవడం మర్యాద కాదట.

స్టాక్స్ మ్యూజియం పాత సినిమా హాల్లా ఉంటుంది. ఉండటమేమిటి, స్టాక్స్ అనే ఆ రికార్డు కంపెనీ నడిచింది సినిమా హాల్లోనే. జిమ్ స్టూవర్ట్ బ్యాంకులో పనిచేస్తూ ఫిడేలు వాయించుకునే తెల్లాయన. 1957లో చిన్న రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఆంపెక్స్ రికార్డరు కొనిచ్చింది. తమ్ముడి సంగీతం కోసం ఇల్లు తాకట్టు పెట్టిన అక్క! నేను మా అక్క వైపు చూశాను. తను ఆ బోర్డు రెండోసారి చదువుతోంది. 1960లో మూతపడి ఉన్న కాపిటల్ థియేటర్ని అద్దెకు తీసుకుని స్టూడియో చేశారు. ఇంగ్లిష్‌లో ఇద్దరి ఇంటిపేర్ల మొదటి రెండేసి అక్షరాలూ కలిపితే స్టాక్స్.

టాకీసుల్లో పాప్‌కార్న్ అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల కొట్టు పెట్టింది. నాకు అన్నిటికన్నా విలువైన సంగతి అదే. కొట్టు తలుపు వీధిలోకి తెరిచి ఉంటుంది, పేట పిల్లలు వస్తారు, వింటారు, పోతారు. అలా వచ్చినవాడే బుకర్ టీ జోన్స్. ఆ పేట హైస్కూలు కుర్రాడు, 17 ఏళ్లకే 1962లో 'గ్రీన్ ఆనియన్స్' వాయించాడు. డేవిడ్ పోర్టర్ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో పనిచేసేవాడు. రోడ్డు దాటి వచ్చి, ఐజాక్ హేస్‌తో జతకట్టి పాటలు రాశాడు. గిటార్ వాయించే స్టీవ్ క్రాపర్ అదే కొట్టులో రికార్డులు అమ్మేవాడు. కొత్త పాట తయారైతే ఎస్టెల్ కొట్టులో పెట్టి, వచ్చినవాళ్ల కాళ్లు ఆడుతున్నాయా లేదా చూసేదట. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడానికి ఆ ఊళ్లో వీల్లేని రోజుల్లో, లోపలి గదిలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు కలిసి ఒకే బ్యాండుగా రోజూ వాయించారు.

అసలు భవనాన్ని 1989లో కూల్చేశారు. 2003లో అదే స్థలంలో ఈ మ్యూజియం కట్టారు. కట్టినవాళ్లు స్టూడియో నేలని మళ్లీ వాలుగానే కట్టారు. తెనాలి పాత హాళ్లలో నేల టికెట్ నుంచి వెనక్కి నడుస్తుంటే పిక్కలకు తెలిసే ఎత్తు, అచ్చం అదే. స్టూడియో పెట్టినప్పుడు కుర్చీలు పీకేశారు గానీ నేల చదును చేయడానికి డబ్బుల్లేవు, అలాగే వదిలేశారు. గోడకి గోడ, నేలకి కప్పు సమంగా లేని ఆ గదిలో శబ్దానికి ఒక బరువు వచ్చింది.

డ్రమ్స్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. 1965లో 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' చేస్తున్నప్పుడు డ్రమ్స్ వాయించే అల్ జాక్సన్, క్రాపర్ ఇద్దరూ రెండో దెబ్బనీ నాలుగో దెబ్బనీ పిసరంత ఆలస్యంగా వేశారు. న్యూయార్క్ నుంచి వచ్చిన నిర్మాత జెర్రీ వెక్స్లర్, కుర్రకారు కొత్తగా వేస్తున్న స్టెప్పు అలా ఉంటుందని స్టూడియోలో తనే ఆడి చూపించాడట. తొడ మీద తాళం వేసి చూడండి: ఒకటి, ఆగి రెండు, మూడు, ఆగి నాలుగు. చెయ్యి తొందరపడుతుంది, పట్టి ఆపాలి. ఆ ఆపడంలోనే ఉంది మెంఫిస్ అంతా. పాడేవాడి వెనక ఆడవాళ్ల కోరస్ ఉండాల్సిన చోట బాకాలు జవాబిస్తాయి. ఆ వరసలు కాగితం మీద రాసుకోలేదు, అప్పటికప్పుడు నోటితో కూని తీసి కుదుర్చుకున్నారు.

ఓటిస్ రెడింగ్ 1962లో ఇక్కడికి గాయకుడిగా రాలేదు. జార్జియా నుంచి ఒక గిటారిస్టుని కారులో తీసుకొచ్చాడు. ఆ గిటారిస్టు పని పూర్తయి ఇంకా కాస్త టైమ్ మిగిలితే, నేనొక పాట పాడతానని అడిగాడు. తలుపు తెరిచి ఉంది కనుక పాడాడు.

అక్టోబర్ 25, శనివారం: ఫోర్ వే హోటల్, లొరైన్ మోటెల్

ఫోర్ వే 1946 నుంచి అదే మూల మీద ఉంది. స్టాక్స్ వాళ్లంతా ఇక్కడే తినేవాళ్లు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా తిన్నారు. నేను వేయించిన క్యాట్‌ఫిష్ చెప్పాను. బయట మొక్కజొన్న పిండి కరకరలాడుతుంది, లోపల చేప వెన్నలా విడిపోతుంది. పక్కనే పెట్టిన కారం సీసా చూసి ఆశపడ్డాను, అది పులుపే ఎక్కువ.

అక్క శనివారం నీసు ముట్టదు. ముదురాకుపచ్చగా ఉడికించిన ఆకుకూర చూసి "అచ్చం తోటకూరలా ఉందే, అది పెట్టమను" అంది. వడ్డించే ఆవిడ గరిటె ఎత్తినదల్లా ఆగి, అక్క మొహం చూసి, "బేబీ, నువ్వు మాంసం తింటావా?" అని అడిగింది. తినదని చెప్పగానే గరిటె దించేసింది. ఆకులో మాంసం ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తారట. అక్క కోసం చిలగడదుంపల పాకం, మాక్రోనీ, కార్న్‌బ్రెడ్ పెట్టి, అడక్కుండానే పీచ్ కాబ్లర్ కూడా తెచ్చింది. ఇద్దరికీ టిప్పుతో కలిపి 38 డాలర్లు. యాభై దాటిన మా అక్కని బేబీ అని పిలిచినవాళ్లు లేక ఎన్నాళ్లయిందో, బయటికొచ్చాక రెండుసార్లు అదే మాట చెప్పుకుంది.

వచ్చేముందు ఆవిడే అడిగింది: "రేపు చర్చికి ఎక్కడికి వెళ్తున్నారు?" హిందువులమని చెప్పాం. "అదేం ఫర్వాలేదు, పాటలకి రండి" అని చీటీ మీద అడ్రస్ రాసిచ్చింది.

మధ్యాహ్నం లొరైన్ మోటెల్. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం, టికెట్ సుమారు 20 డాలర్లు. ఆ రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఇబ్బంది లేకుండా కలిసి కూర్చోగల కొద్ది చోట్లలో అదొకటి. అందుకే స్టాక్స్ వాళ్లు ఊళ్లోకి వచ్చినవాళ్లని అక్కడే దింపి, గదుల్లోనే పాటలు కట్టేవాళ్లు. 'నాక్ ఆన్ వుడ్' అక్కడ పుట్టింది, బయట ఉరుములు మెరుపుల మధ్య. 306 గది బయట వరండాకి ఇప్పుడు పూలదండ వేలాడుతూ ఉంటుంది. కింగ్ పడిపోయింది అక్కడే, 1968 ఏప్రిల్ 4న.

తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే గుండె బరువెక్కుతుంది. 1967 డిసెంబర్ 10న ఓటిస్ విమానం విస్కాన్సిన్‌లో సరస్సులో కూలింది. వెంట ఉన్న బార్‌కేస్ బ్యాండు పిల్లల్లో నలుగురు పోయారు, ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. అంతకు కొద్ది రోజుల ముందే రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ద బే' ఓటిస్ పోయాక నంబర్ వన్ అయింది. అదే శీతాకాలంలో ఇంకో దెబ్బ. స్టాక్స్ రికార్డుల్ని దేశమంతా అమ్మిపెట్టే అట్లాంటిక్ కంపెనీ చేతులు మారింది. అప్పుడు తీసి చూస్తే, 1965 నాటి ఒప్పందం ప్రకారం, అట్లాంటిక్ అమ్మిన పాటల అసలు టేపులన్నీ, అంటే ఆ పాటల హక్కులే, స్టాక్స్‌వి కావు, అట్లాంటిక్‌వి. జిమ్ స్టూవర్ట్ ఆ కాగితం సరిగా చదవకుండా సంతకం పెట్టాడు. ఆ వెంటనే కింగ్. పాటలు కట్టుకున్న ఇల్లే హత్య జరిగిన చోటైంది. వీధిలో అల్లర్లు జరిగాయి, స్టూడియో జోలికి ఎవరూ రాలేదు. కానీ లోపల ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరు మారిపోయింది. బుకర్ టీ కొన్నాళ్లకు ఊరే విడిచి కాలిఫోర్నియా వెళ్లిపోయాడు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. అది అన్యాయం. అల్ బెల్ అనే నల్ల అధికారి, చేతిలో ఒక్క పాత పాట లేని కంపెనీని 1969లో ఒక్కసారే 27 ఆల్బమ్‌లు విడుదల చేసి నిలబెట్టాడు. ఐజాక్ హేస్ 1972లో 'షాఫ్ట్' పాటకి ఆస్కార్ అందుకున్నాడు. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌లో వాట్‌స్టాక్స్ కచేరీకి డాలరు టికెట్ పెడితే లక్ష మంది పైగా వచ్చారు. నిన్న మ్యూజియంలో హేస్ క్యాడిలాక్ గుండ్రంగా తిరుగుతుంటే, నెమలికంఠం రంగు, లోపల తెల్లటి బొచ్చు, బంగారు పూత, పక్కనున్న చిన్న పిల్లాడు నోరు తెరుచుకుని చూశాడు. ఆ పేటలో పెరిగినవాళ్లకి ఆ కారు అప్పుడు ఏమనిపించి ఉంటుందో ఊహించుకున్నాను.

ఆ తర్వాత అప్పులు, పంపిణీ కంపెనీతో గొడవలు. 1975 డిసెంబర్‌లో యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు దివాలా కోర్టుకి వెళ్లి తలుపులు మూయించింది. తమ్ముడి కోసం ఇల్లు తాకట్టు పెట్టిన రోజుల్లో ఎస్టెల్ గుమస్తాగా పనిచేసింది ఆ బ్యాంకులోనే. జనానికి మొహం మొత్తి ఈ సంగీతం ఆగిపోలేదు. ఒక కాగితం, ఒక తుపాకీ గుండు, ఒక అప్పు దీన్ని ఆపాయి.

అక్టోబర్ 26, ఆదివారం: చర్చి

చీటీ పట్టుకుని వెళ్లాం. రెండు వందల మంది పట్టే ఇటుక కట్టడం. ఆడవాళ్లంతా మంచి పట్టుచీరల్లాంటి రంగుల్లో, టోపీలతో. గుమ్మం దగ్గర తెల్ల చేతితొడుగులు వేసుకున్న పెద్దావిడ మాకు అట్ట విసనకర్రలు ఇచ్చి మూడో వరసలో కూర్చోబెట్టింది.

పాస్టర్ మాట్లాడటం మామూలుగానే మొదలుపెట్టాడు. కాసేపటికి మాట సాగింది. వాక్యం చివర ఒక స్వరం మీద ఆగడం మొదలైంది. మూలన ఆర్గన్ ముందు కూర్చున్న కుర్రాడు ఆయన పెదవుల్నే చూస్తున్నాడు. పాస్టర్ ఊపిరి పీల్చుకున్న ప్రతి సందులో రెండు స్వరాలు వేసి, మళ్లీ చేతులెత్తేసేవాడు. పాస్టర్ గొంతు పైకెక్కితే ఇతనూ ఎక్కేవాడు, ఒక్క మెట్టు వెనక. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. స్టేజి పక్కన కూర్చుని శ్రీకృష్ణుడి వేషగాడు పద్యం ఎత్తుకోబోతుంటే, నాన్న హార్మోనియం మీద వేళ్లు ఆనించి అతని మెడ నరాలనే చూస్తుండేవారు. రాగం తీసి ఎక్కడ దిగుతాడో ముందే పసిగట్టి అక్కడికి చేరేవారు. ఓటిస్ తండ్రి కూడా చర్చిలో బోధించేవాడు. నాన్న విన్నది ఇదన్నమాట.

కొత్తగా వచ్చినవాళ్లు లేచి ఊరు పేరు చెప్పాలన్నారు. నేను ఇండియా, ఆంధ్రప్రదేశ్, తెనాలి అన్నాను. అక్క లేచి ఒక్క క్షణం ఆగి, "ఐ యామ్ ఫ్రమ్ మెంఫిస్" అంది. చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తూ రాయల్ స్టూడియోస్ ముందు ఆగాం. ఇదీ పాత సినిమా హాలే. స్టాక్స్ ఇంకా నడుస్తున్న 1970ల్లోనే విల్లీ మిచెల్ ఇక్కడ ఆల్ గ్రీన్‌తో 'లెట్స్ స్టే టుగెదర్' లాంటి పాటలు చేశాడు. ఆల్ గ్రీన్ 1976లో ఈ ఊళ్లోనే చర్చి పెట్టుకుని పాస్టర్ అయ్యాడు. వచ్చిన చోటికే వెళ్లాడు. రాయల్‌లో మాత్రం ఇప్పటికీ రికార్డింగులు జరుగుతున్నాయి, మిచెల్ కుటుంబమే నడుపుతోంది.

అక్టోబర్ 27, సోమవారం: పత్తి చేలు, తప్పిన దారి

72వ నంబర్ రోడ్డు మీద మిసిసిపీ కొస దాటి అలబామాలోకి. దారంతా పత్తి. మా గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్లకి అక్టోబర్‌లో తెల్లబడిన చేను చూస్తే మనసు ఆగదు. కారు ఆపించి దిగాను. తీయడం అయిపోయిన చేల గట్ల మీద ఏనుగంత గుండ్రటి పత్తి చుట్టలు, ప్లాస్టిక్ చుట్టి. మనిషి చెయ్యి పడలేదు, అంతా యంత్రమే. 1966లో గాయకుడు విల్సన్ పికెట్ ఇక్కడ రికార్డింగుకి విమానంలో వస్తూ, కిటికీలోంచి పత్తి ఏరుతున్న నల్లవాళ్లని చూసి, దిగనే దిగనన్నాడట. ఏ బతుకు నుంచి పారిపోయాడో అది కిందే కనిపిస్తుంటే ఎలా దిగుతాడు?

అతను ఇక్కడికి రావడానికి కారణం మెంఫిస్సే. బయటి కంపెనీలు తెచ్చే గాయకులకి ఇక చోటు లేదని స్టాక్స్ నిర్ణయించుకుంది. పికెట్ పాటలు చేయించే అట్లాంటిక్ నిర్మాత వెక్స్లర్ వేరే చోటు వెతుక్కుంటూ మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియో యజమాని రిక్ హాల్ దగ్గరికి వచ్చాడు.

మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో కోసం మజిల్ షోల్స్ ఊరంతా రెండుసార్లు తిరిగాం. ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ నాలుగూ ఆనుకుని ఉన్న ఊళ్లు, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో తెలియదు. పెట్రోలు బంకులో సిగరెట్లు కొంటున్న పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఆ స్టూడియో షెఫీల్డ్‌లో ఉందమ్మా, పేరే ఇక్కడిది" అని తన కారు ముందు పోనిచ్చి దారి చూపించింది. అక్కడ దింపి, హారన్ కొట్టి, ఆగకుండా వెళ్లిపోయింది.

3614 జాక్సన్ హైవే. సిమెంటు దిమ్మెలతో కట్టిన పెట్టెలాంటి చిన్న ఇల్లు, మా ఇంటి హాలు రెండు పెడితే సరిపోతుంది. ముందు శవపేటికలు అమ్మిన చోటట. రిక్ హాల్ దగ్గర వాయించే నలుగురు తెల్ల కుర్రాళ్లు బారీ బెకెట్, రోజర్ హాకిన్స్, జిమ్మీ జాన్సన్, డేవిడ్ హుడ్ 1969లో విడిపోయి ఇది పెట్టుకున్నారు. ఆ డిసెంబర్లోనే రోలింగ్ స్టోన్స్ వచ్చి మూడు రోజులు రికార్డు చేసుకెళ్లారు. స్టాక్స్ వాళ్ల స్టేపుల్ సింగర్స్ 'ఐల్ టేక్ యూ దేర్' కూడా ఇక్కడిదే. పాట మధ్యలో గాయని మేవిస్ బేస్ వాయించే డేవిడ్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. అది విని పాల్ సైమన్, ఆ నల్ల బ్యాండు తనకి కావాలని అడిగాడట.

అక్టోబర్ 28, మంగళవారం: ఫేమ్

రాత్రి ఫ్లోరెన్స్‌లో మోటెల్ గది 92 డాలర్లు. పొద్దున్నే ఫేమ్ స్టూడియోస్. గైడు ఒక నల్ల వుర్లిట్జర్ పియానో దగ్గర ఆపి, నన్ను ఒక మెట్టు నొక్కమంది. నొక్కాను. కాస్త బొంగురుగా, గంట చుట్టూ బట్ట చుట్టి కొట్టినట్టు పలికింది. 1967 జనవరిలో అరీథా ఫ్రాంక్లిన్ ఈ గదిలో ఒకే ఒక్క పాట పూర్తిగా చేసింది. అప్పటిదాకా ఆరేళ్లు వేరే కంపెనీలో ఉన్నా తన దారి దొరకలేదు. ఇక్కడ ఒక్క రోజులో దొరికింది. ఆ సాయంత్రమే తాగుడు, ఆమె భర్తకీ బాకా వాయించేవాడికీ మాటా మాటా, రాత్రి హోటల్లో రిక్ హాల్‌తో కొట్లాట. మర్నాడు వెళ్లిపోయింది, మళ్లీ ఇక్కడ పాడలేదు. మిగతావి ఈ వాయిద్యగాళ్లనే న్యూయార్క్ పిలిపించుకుని పూర్తి చేశారు.

మధ్యాహ్నం చికెన్ మీద తెల్ల బార్బెక్యూ సాస్. మయొనీస్, వినెగర్, బోలెడంత మిరియాల పొడి. ఉత్తర అలబామా వాళ్లకి అది ఆవకాయ లాంటిది. అక్క ఒక సీసా కొంది.

ఇక్కడ పెద్ద కూలడాలేమీ జరగలేదు. నిన్న చూసిన షెఫీల్డ్ స్టూడియో నలుగురూ 1978లో నది ఒడ్డున పెద్ద స్టూడియోకి మారారు. డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లు వచ్చాయి. నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టే అవసరం తగ్గింది. 1985లో స్టూడియో అమ్మేశారు. బెకెట్ నాష్‌విల్ వెళ్లిపోయాడు. నాన్న సమాజానికి కూడా ఇలాగే ఆర్డర్లు తగ్గాయి, ఒక ఏడు ఉత్సవాలకి పిలిచారు, మరుసటేడు పిలవలేదు. గొడవ లేదు, వీడ్కోలు లేదు.

తిరుగు దారిలో మెంఫిస్ దరిదాపులకి చేరేసరికి సాయంత్రమైంది. కాలియర్‌విల్ ఎగ్జిట్ వచ్చినా అక్క తిప్పలేదు. మెక్‌లెమోర్‌కి పోనిచ్చింది. మ్యూజియం పక్కనే స్టాక్స్ మ్యూజిక్ అకాడమీ, పేట పిల్లలకి బడి అయ్యాక సంగీతం నేర్పుతారు. వాద్యాల పెట్టెలు మోసుకుంటూ పిల్లలు బయటికొస్తున్నారు. కారు తలుపులు లాక్ చేసి లేవని నేను ఇంటికెళ్లాక గానీ గమనించలేదు.

ఇల్లు చేరాక

నిన్న అక్క ఫోన్ చేసింది. పక్కింటి వాళ్లిద్దర్ని వెంటబెట్టుకుని మళ్లీ ఫోర్ వేకి వెళ్లిందట. "ఈసారి ఆదివారం వెళ్లానే. ఆ ఆకుకూర తిన్నాను" అంది. ఎలా ఉందని అడిగాను. "అమ్మ చేసే గోంగూర మాంసంలో పులుపు తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆవిడ నన్ను గుర్తుపట్టింది" అంది.